ఫౌండ్రీ రోడ్డులో ఆఖరి ఇల్లు

"పెళ్లి చేసుకోవద్దని ఎవరన్నారమ్మా? కాపురం ఇక్కడే పెట్టమంటున్నాను, అంతేగా," అన్నాడు గ్రెగ్. పొద్దుటి నుంచి ఇదే మాట తిప్పితిప్పి అంటున్నాడు.

వెర్నా వంటింటి బల్ల మీద పిండి పల్చగా పరిచి, తేనెలో కలిపిన వాల్‌నట్ పొడి దాని మీద అరచేత్తో సర్దుతోంది. మర్నాడే పెళ్లి. డెబ్బై రెండేళ్ల పెళ్లికూతురు తన పెళ్లి వంటలు తనే చేసుకోవడమేమిటని చాలామంది అడిగారు. ఇంకొకరి చేతికిస్తే పూర్ణం తక్కువ పెడతారని ఆవిడ అనుమానం.

"కాపురమట," అంది ఓవెన్ దగ్గరున్న టిల్లీ, ట్రే బయటికి లాగుతూ. టిల్లీ వెర్నాకి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. అక్క పెళ్లికి అక్క కన్నా ఆవిడకే హడావిడి ఎక్కువగా ఉంది.

"పిన్నీ, నువ్వు కాస్త ఊరుకో."

"నేనేమన్నానురా. మీ అమ్మకి నువ్వు కాపురం పెట్టించడం చూస్తే ముచ్చటేసింది."

కిటికీ అవతల మునిసిపాలిటీ లారీ ఆగి ఉంది. ఇద్దరు మనుషులు రోడ్డు మీది గుంటల్లో తారు పోసి అదుముతున్నారు. వెర్నా తలెత్తి అటు చూసింది.

"ఆ గుంటల గురించి మీ నాన్న ఉన్నప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను. ఇవాళ పూడుస్తున్నారు. సోమవారం వీధి దీపం వెలిగింది. నిన్న మేయరు గారి భార్య చికెన్ వండి తెచ్చింది. ఆవిడకి నా ఇల్లు ఎక్కడుందో తెలుసని నాకే తెలీదు."

ఊరికి ఆవిడ మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందో అందరికీ తెలిసిందే. లోవెల్‌బర్గ్‌లో ఆడవాళ్లు బట్టలు విప్పి ఆడే క్లబ్బు ఒకటే ఉంది. పేరు వెల్వెట్ లాంతర్. వంతెన వెడల్పు చేయడానికి దాని పాత భవనాన్ని కూల్చేస్తున్నారు. అలాంటి క్లబ్బు మళ్లీ తెరవాలంటే ఊరి నిబంధన ప్రకారం ఫౌండ్రీ రోడ్డులోనే తెరవాలి. అక్కడ కూడా బడికి గానీ, చర్చికి గానీ, మనుషులుండే ఇంటికి గానీ ఐదువందల అడుగుల దూరం ఉండి తీరాలి.

ఫౌండ్రీ రోడ్డులో బడి లేదు, చర్చి లేదు. క్రేన్లు బాగుచేసే షెడ్లు, ఇనుప తుక్కు గుట్టలు, టైర్ల గోడౌన్లు ఉన్నాయి. వాటి నడుమ ఒకే ఒక్క ఇల్లు, వెర్నాది. రోడ్డు ఎంత పొట్టిదంటే, ఆ ఇంట్లో మనిషి ఉన్నంతకాలం ఏ మూల నుంచి కొలిచినా క్లబ్బుకి చోటు దొరకదు.

మర్నాడు పెళ్లి కాగానే వెర్నా నది దాటి క్లెమెంట్ యుర్కో ఇంటికి వెళ్లిపోతోంది. ఇల్లు ఖాళీ అవుతుంది. ఎదురుగా ఉన్న టైర్ల గోడౌను క్లబ్బు యజమానురాలు అప్పుడే కొనేసింది.

"మూడు వారాల్లో ఎన్నికలు," అన్నాడు గ్రెగ్ కుర్చీ వెనక్కి జరుపుతూ. "నేను కౌన్సిల్లో ఉండగా ఆ క్లబ్బు మళ్లీ తలుపు తెరవదని ఇంటింటికీ వెళ్లి మాటిచ్చాను."

"మాటిచ్చింది నువ్వు. కాపలా కాయాల్సింది నేనా?"

"కాపలా ఏమిటమ్మా. నీ ఇంట్లో నువ్వుండటం కాపలా అవుతుందా?"

వెర్నా పిండిని అంచు నుంచి చుట్టడం మొదలుపెట్టింది. చుట్ట బిగుతుగా వచ్చింది. కోపంగా ఉన్నప్పుడు ఆవిడ చేతి పని ఎప్పుడూ బాగుంటుంది.

వెనక తలుపు తోసుకుని క్లెమెంట్ లోపలికి వచ్చాడు. చేతిలో గుడ్ల బుట్ట ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ల తరబడి స్కూలు బస్సు నడిపినవాడు. చిన్నప్పుడు గ్రెగ్ ఆ బస్సులోనే బడికి వెళ్లేవాడు. అందుకే నలభై ఆరేళ్లు వచ్చినా, ఆయన్ని చూడగానే గ్రెగ్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"ఇంకా తేలలేదా?" అన్నాడు క్లెమెంట్. "తేలిందనుకున్నానే. నేను సరేనన్నానుగా."

వెర్నా చేతులు ఆగిపోయాయి. "దేనికి సరేనన్నావు?"

"ఇక్కడికి వచ్చేయడానికి. మొన్న గ్రెగ్ ఫోన్ చేసి అడిగాడు. నువ్వెక్కడుంటే నాకు అదే ఇల్లు వెర్నా. రెండు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను తెచ్చుకుంటే చాలు."

టిల్లీ ట్రేను చప్పుడు కాకుండా కింద పెట్టింది. గ్రెగ్ కిటికీ వైపు తిరిగాడు.

"నన్నడగలేదు," అంది వెర్నా.

"నీకిష్టమే అనుకున్నాను."

"పొద్దున లేస్తే క్రేను మోత. సాయంత్రం ఇనుము కోసే మోత. బట్టలు ఆరేస్తే మసి. నలభై ఏళ్లుగా నాకేం కావాలో ఎవరూ అడగలేదు. మీ ఇంటి వెనక రేగు పళ్లంత చిన్న ఆపిల్ కాస్తుందే, ఆ చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చోవాలని ఏడాదిగా అనుకుంటున్నాను. నీకు చెప్పలేదా?"

"చెప్పావు."

"చెప్పినా సరేనన్నావు."

"నువ్వెక్కడుంటే అక్కడ అన్నాను వెర్నా. ప్రేమతో అన్నాను."

"అది ప్రేమ కాదు, బద్ధకం. ఎవరడిగినా సరే అనేస్తే ఇంక ఆలోచించే పని ఉండదు."

క్లెమెంట్ గుడ్ల బుట్టను ఎక్కడ పెట్టాలో తెలియక చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డాడు.

తల్లి ఆయన మీద కోప్పడటం గ్రెగ్‌కి ఊపిరాడనివ్వలేదు. తొందరలో నోరు జారాడు. "ఆయన్నేమీ అనకమ్మా. అసలు ఆ రోజు మన ఇల్లు కొననివ్వకుండా నేను ఆపకపోయి ఉంటే ఈ గొడవే..."

మాట మధ్యలో మింగేశాడు. అప్పటికే ఆలస్యమైంది.

ఆరేళ్ల కిందట నదికి వరద వచ్చాక, మునిసిపాలిటీ వాళ్లు ఫౌండ్రీ రోడ్డులోని ఇళ్లన్నీ మంచి ధరకు కొని పడగొట్టారు. వెర్నా ఇల్లు మాత్రం వదిలేశారు. మీ ఇల్లు కాస్త ఎత్తులో ఉంది, మీకు రాదు అన్నారు. ఆవిడ నమ్మింది.

"నువ్వా?" అంది వెర్నా.

గ్రెగ్ తల వంచుకున్నాడు. "కోర్టులు ఊరుకోవమ్మా. ఇలాంటి క్లబ్బుకి ఊళ్లో ఎక్కడో ఒక చోట చోటివ్వాల్సిందే. ఇచ్చినట్టుండాలి, ఇవ్వకూడదు. ఆ రోడ్డులో ఒక్క ఇల్లుంటే చాలనిపించింది. ఒక్క ఇల్లు."

ఓవెన్లో పంచదార కాలుతున్న వాసన వస్తున్నా టిల్లీ కదలలేదు.

"పక్కింటి నోవాక్ వాళ్లు సామాను లారీకెక్కించుకుని వెళ్లిన రోజు," అంది వెర్నా మెల్లగా, "గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. లోపలికొచ్చి ఏడ్చాను. పడగొట్టడానికి కూడా పనికిరాని ఇల్లనుకున్నాను. ఊరు నన్ను మర్చిపోయిందనుకున్నాను."

"అమ్మా..."

అప్పుడే ముందు తలుపు ఎవరో తట్టారు. టిల్లీ వెళ్లి తీసింది. తారు పని చేస్తున్న మనిషి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"రోడ్డు అయిపోయిందమ్మా. మీకింకేమైనా బాగుచేయాలేమో అడిగి రమ్మని ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఏదైనా సరేనన్నారు."

వెర్నా అతని వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. ఆవిడ పెదవులు వణికాయి. ఏడుస్తుందేమోనని క్లెమెంట్ ఒక అడుగు ముందుకేశాడు. ఆవిడ నవ్వింది. మొదట ముక్కుతో నవ్వింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. పిండి చేతులతో కళ్లు తుడుచుకుంటే బుగ్గలు తెల్లబడ్డాయి.

"మర్చిపోలేదే టిల్లీ. ఇన్నాళ్లూ నన్ను ఖజానాలా దాచుకున్నారు," అంది ఊపిరి అందాక. "నాయనా, ముందు మెట్టు ఊగుతోంది. దాని సంగతి చూడు. వెనక గేటు గడియ కూడా పడదు."

"అలాగేనమ్మా," అని అతను సంతోషంగా వెళ్లాడు.

వెర్నా కొడుకు వైపు తిరిగింది. నవ్వు పోలేదు గానీ గొంతు గట్టిపడింది. "చూడు గ్రెగ్. నేను కంచెని కాను, రేపటి నుంచి ఇక్కడుండను. రేపు చర్చిలో నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది నువ్వే. మొహం ముడుచుకుని వచ్చావంటే అందరి ముందూ అడుగుతాను, ఎందుకు ముడుచుకున్నావని."

"ముడుచుకోను."

"నువ్వు," అంది క్లెమెంట్‌తో, "ఇకమీదట నన్నడక్కుండా ఎవరికీ సరే అనకు."

"సరే," అన్నాడు క్లెమెంట్.

టిల్లీ అప్రాన్‌లో మొహం దాచుకుంది.

*

మధ్యాహ్నం మళ్లీ తలుపు చప్పుడైంది. ఈసారి గ్రెగ్ తీశాడు. గుమ్మంలో రోషెల్ పెట్‌వే ఉంది. వెల్వెట్ లాంతర్ ఆవిడదే. ఆవిడా గ్రెగ్గూ ఎన్నోసార్లు మాట్లాడుకున్నారు. ప్రతిసారీ కౌన్సిల్ హాల్లో మైకుల ముందే. ఇంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు.

"కౌన్సిలర్ గారూ," అంది ఆవిడ.

"రోషెల్ గారూ," అన్నాడు అతను.

ఆవిడ చేతుల్లో ఒకదాని మీద ఒకటి మూడు ట్రేలు ఉన్నాయి. వద్దనడానికి వీల్లేకుండా పైదాన్ని అతని చేతిలో పెట్టింది. "రేపు విందులో అందరూ తెచ్చిన కుకీలు పెట్టే బల్లకి. మా అమ్మాయిలు చేశారు. ఇద్దరికి వంట వచ్చు, మిగతావాళ్లు గిన్నెలు కడిగారు."

వెర్నా ఆవిడని వంటింట్లోకి రమ్మంది. రోషెల్ కోటు విప్పలేదు, కుర్చీ అంచున కూర్చుంది.

"కుకీలొక్కటే కాదు, ఒక మాట కూడా చెప్పి వెళ్దామని వచ్చాను వెర్నా గారూ. మీ ఇంట్లో గొడవవుతోందని విన్నాను. మీకు ఈ ఇంట్లోనే ఉండాలనుంటే ఉండండి. నేను ఇంకో ఊళ్లో వెతుక్కుంటాను. ఒక పెళ్లి నా మూలంగా చెడిందన్న మాట నాకొద్దు."

"ఇంకో ఊళ్లో దొరుకుతుందా?"

రోషెల్ నవ్వింది. "ప్రతి ఊళ్లోనూ ఇలాంటి రోడ్డొకటి ఉంటుందండీ. ప్రతి రోడ్డులోనూ ఏదో ఒకటి అడ్డుంటుంది. ఒక చోట చర్చి వాళ్లు మమ్మల్ని అడ్డుకోవడానికే ఖాళీ దుకాణంలో ప్రార్థనలు మొదలుపెట్టారు."

గ్రెగ్ ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ ఆలోచన అతనికి కూడా ఒకసారి వచ్చింది.

"నేను దాచకుండా చెప్తాను అమ్మాయ్," అంది వెర్నా. "నీ వ్యాపారం నాకు నచ్చదు. నేనెప్పుడూ లోపలికి రాను. నా కొడుకు రానని చెప్తాడు, నమ్ముతాను."

"రాలేదండీ. కావాలంటే నేను సాక్ష్యం చెప్తాను," అంది రోషెల్.

గ్రెగ్ చెవులు ఎర్రబడ్డాయి.

"కానీ నేను ఎక్కడ నిద్రపోవాలో నీ వ్యాపారం తేల్చకూడదు. నీ క్లబ్బుకి తాళం పడాలో వద్దో నా మంచం తేల్చకూడదు. నేను వెళ్తున్నాను. నీ కోసం వెళ్లడం లేదు, క్లెమెంట్ కోసం వెళ్తున్నాను. అది తెలుసుకో."

"తెలుసుకున్నానండీ."

"రేపు మీరంతా రావాలి. గిన్నెలు కడిగినవాళ్లు కూడా."

"అమ్మా," అన్నాడు గ్రెగ్. "రేపు కౌన్సిల్ వాళ్లందరూ వస్తున్నారు."

"రానీ. బల్ల పొడుగ్గానే ఉంటుంది."

*

పెళ్లి బాగా జరిగింది. వెర్నా నీలం గౌను వేసుకుంది. గ్రెగ్ మొహం ముడుచుకోలేదు. చర్చి నడవలో సగం దూరం వచ్చేసరికి తల్లి అరచెయ్యి తన మోచేతి మీద ఎంత వెచ్చగా ఉందో తెలిసి, నవ్వబోయి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఫాదర్ ప్రశ్న పూర్తి చేయకముందే క్లెమెంట్ సరేననబోయి, ఆగి, వెర్నా వైపు చూసి, ఆవిడ తల ఊపాక అన్నాడు. ముందు వరసలన్నీ నవ్వాయి.

విందు ఫైర్ స్టేషన్ హాల్లో. మంటలార్పే బండ్లు బయటికి తీసి నేల కడిగారు. గోడ పొడుగునా కుకీల బల్ల. వెర్నా చుట్టిన నట్‌రోల్ ముక్కలు, పిండిలో ఆప్రికాట్ పెట్టి మడిచిన కొలాచీలు, పొడి పంచదార చల్లిన గవ్వల్లాంటివి. క్యాబేజీలో చుట్టిన మాంసం ఉండల వాసన, అకార్డియన్ వాయిద్యం మోత.

రోషెల్, ఆవిడ అమ్మాయిలు చర్చికి వచ్చే బట్టల్లోనే వచ్చారు. మొదట ఓ మూల బల్ల దగ్గర కూర్చున్నారు. చుట్టుపక్కల కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. ఆ ఖాళీ చూడలేక టిల్లీ తన పళ్లెం పట్టుకెళ్లి వాళ్ల మధ్య కూర్చుంది. ఇక లేవలేదు.

మేయరు గారి భార్య కుకీల బల్ల దగ్గర ఒక మెత్తని గొట్టం కుకీ కొరికి కళ్లు మూసుకుంది. "ఇది ఎవరు చేశారు? లోపల క్రీము ఇంత తేలిగ్గా నాకెప్పుడూ రాలేదు."

"నేనేనండీ," అంది పక్కనే ఉన్న అమ్మాయి. "నా పేరు మారిసోల్. వెల్వెట్ లాంతర్‌లో పనిచేస్తాను."

మేయరు గారి భార్య నోట్లో ముక్క అలాగే ఉంది. ఉమ్మడానికి లేదు. మింగింది. కాసేపు మారిసోల్‌ని చూసింది.

"వెన్న ఎంత వేశావు?" అంది చివరికి.

ఆ తర్వాత మూల బల్ల దగ్గర ఖాళీ కుర్చీలు ఒక్కొక్కటే నిండాయి. మారిసోల్ ఫాదర్‌తో పోల్కా నాట్యం చేసింది. ఫాదరే ముందు అలిసిపోయాడు. వెర్నా బూట్లు విప్పేసి క్లెమెంట్‌తో మూడు పాటలకి ఆడింది. ఈయనకి బద్ధకం కాళ్లలో లేదని అందరికీ వినపడేలా అంది.

పాట ఆగింది. వెర్నా మూల బల్ల దగ్గరికి వచ్చి చెల్లెలి పక్కన కూలబడింది. గ్రెగ్ తల్లికి నీళ్లు తెచ్చాడు.

"అక్కా," అంది టిల్లీ. మొహం వెలిగిపోతోంది. "ఒకటడుగుతాను, కాదనకు. ఆ ఇల్లు నాకియ్యి."

"ఏ ఇల్లు?"

"నీదే. నువ్వెలాగూ వెళ్లిపోతున్నావు. బేకరీ మీద ఆ ఒంటి గదిలో నాకు విసుగొచ్చేసింది. సాయంత్రమైతే గోడలతో మాట్లాడుకోవడమే. నాకు క్రేను మోత ఇష్టం. మనుషులున్నట్టుంటుంది. పైగా ఎదురుగా ఈ పిల్లలొస్తున్నారు. పనిలోకి వెళ్లేముందు కాఫీకి వస్తామని ఇప్పుడే మాటిచ్చారు."

రోషెల్ చేతిలోని పళ్లెం మెల్లగా కింద పెట్టింది. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ నిబంధన అక్కకి మాత్రమే అనుకుంటున్నది టిల్లీ ఒక్కతే.

"పిన్నీ," అన్నాడు గ్రెగ్ తడబడుతూ, "నువ్వా ఇంట్లో ఉంటే వాళ్లు ఎదురుగా రాలేరు."

"ఎందుకు రాలేరు?"

"ఐదువందల అడుగులు."

"అవి అక్క కోసం కదా."

"ఎవరున్నా అంతే. ఇంట్లో మనిషుంటే అంతే."

పక్క బల్ల దగ్గర మేయరు గారు ఈ మాటలన్నీ వింటున్నాడు. కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. ఆయన మొహంలో వారం రోజులుగా లేని కళ వచ్చింది. గ్లాసు పైకెత్తాడు. "చాలా మంచి ఆలోచన టిల్లీ గారూ. సొంత మనిషికి ఇల్లివ్వడం కన్నా ఏం కావాలి. సోమవారమే మీ వాకిట్లో రాళ్లు పరిపిస్తాను. ఏం గ్రెగ్?"

గ్రెగ్ వారం రోజులుగా తల్లిని బతిమాలింది, కోప్పడింది, రహస్యంగా క్లెమెంట్‌కి ఫోన్ చేసింది ఇదిగో దీని కోసమే. అడగకుండానే వచ్చి ఒళ్లో పడింది. అతను తల్లి వైపు చూశాడు. వెర్నా నీళ్లు తాగుతోంది. సాయం చేసేలా లేదు.

"ఆగండి," అంది టిల్లీ. నవ్వు పోయింది. "ఆ దూరం ఎవరి కోసంరా పెట్టావు?"

"ఆ ఇంట్లో ఉండేవాళ్ల కోసం."

"అంటే నా కోసం."

"నీ కోసమే పిన్నీ."

"నా కోసమైతే నన్నడగాలి కదా."

హాల్లో ఇంకెక్కడో నవ్వులు వినపడుతున్నాయి. గ్రెగ్‌కి తల్లి వంటింట్లో అన్న మాట గుర్తొచ్చింది. నాకేం కావాలో ఎవరూ అడగలేదంది. ఆ మాట అన్నప్పుడు తను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నిబంధనలో ఒక్క వాక్యం చేర్చొచ్చు," అన్నాడు, ఎవరికి చెప్తున్నాడో తెలియనట్టు. "ఇంట్లో ఉండేవాళ్లు ఒప్పుకుంటే దూరంతో పని లేదని. కౌన్సిల్లో ఓటు పడాలి. నెగ్గుతుందో లేదో తెలీదు."

మేయరు గారి గ్లాసు గాల్లోనే ఆగింది. "ఎవరు ప్రతిపాదిస్తారు? నువ్వా? ఎన్నికల ముందా?"

అకార్డియన్ మళ్లీ అందుకుంది. జంటలు లేచాయి. గ్రెగ్ కూడా లేచాడు. బల్ల చుట్టూ నడిచి రోషెల్ కుర్చీ దగ్గర ఆగి, ఆడదాం రమ్మన్నట్టు చెయ్యి చాపాడు. ఊళ్లో ఓటున్నవాళ్లలో సగం మంది ఆ హాల్లో ఉన్నారు. ఒక్కొక్కరే ఇటు తిరుగుతున్నారు.

రోషెల్ ఆ చేతి వైపు చూసింది గానీ అందుకోలేదు.

"మూడు వారాలే ఉన్నాయి కౌన్సిలర్ గారూ," అంది. "కూర్చుని ఆలోచించుకోండి."

"కూర్చుంటే మళ్లీ లేవలేను," అన్నాడు గ్రెగ్. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.